ఓబులేసు చెప్పులు వదిలిన చోటు

వామదేవయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. రేపు రమ్మంటారు. నెమలికొండ మీద, గుడి పక్కనున్న మఠంలో ఉంటారాయన. రేపు రమ్మంటే నూట ఎనభై మెట్లు మళ్లీ ఎక్కాలి. అది తెలిసి కూడా ఓబులేసు ఓ శనివారం పొద్దున ఆయన ముందు కూర్చుని తన గోడు వెళ్లబోసుకున్నాడు.

అతను బ్యాంకు తరఫున ఊళ్లు తిరిగి, ఫోన్లోనే డబ్బు పంపుకోవడం, దాచుకోవడం జనానికి నేర్పే కాంట్రాక్టు ఉద్యోగి. నెలాఖరులోగా పొదుపు సంఘాల ఆడవాళ్లు నలభై మందిని బ్యాంకు యాప్‌లో చేర్చకపోతే ఇంటికి పొమ్మన్నారు. ఇప్పటికి చేరింది ముగ్గురు. ఒకరు భార్య, ఒకరు అత్తగారు. మూడో ఆవిడ ఎందుకు చేరిందో అతనికీ అంతుబట్టలేదు. అడిగితే మానుకుంటుందేమోనని అడగలేదు.

సంఘం ఆడవాళ్లని కూర్చోబెట్టి ఉచితమన్నాడట, సులువన్నాడట, బ్యాంకులో వరసలో నిలబడే పీడ ఉండదన్నాడట. అన్నిటికీ తలలూపారట. చివర్లో సుబ్బరత్నమ్మ అనే ఆవిడ, ఏమన్నా తేడా వస్తే ఎవర్ని అడగాలని అడిగిందట. ఓబులేసు కరపత్రం వెనకనున్న పదకొండంకెల టోల్‌ఫ్రీ నంబరు స్పష్టంగా, రెండుసార్లు చదివి వినిపించాడట. అందరూ కొంగులు దులుపుకుని లేచిపోయారట.

"నాకు చెప్పడం రాదా, వాళ్లకు వినడం రాదా స్వామీ?"

వామదేవయ్యగారు రేపు రమ్మన్నారు.

కొండ కింద చెప్పులు వదలడానికి రెండు చోట్లున్నాయి. ఎడమ పక్క దేవస్థానం వాళ్లు కొత్తగా పెట్టిన ఇనప లాకర్లు. ఉచితం. చెప్పులు లోపల పెట్టి నాలుగంకెలు నొక్కితే చాలు. కుడి పక్క గోనెసంచి పరుచుకుని పుల్లక్క. జతకి ఐదు రూపాయలు, టోకెనూ లేదు, చీటీ లేదు, మొహం చూసి గుర్తుపెట్టుకుంటుంది. పెద్దాఫీసరు మీటింగు కోసమని కొన్న కొత్త చెప్పుల్ని ఓబులేసు ఆ పొద్దున పుల్లక్కకే ఇచ్చి ఎక్కాడు. దిగొచ్చేసరికి అవి లేవు. ఎవరికో ఇచ్చేసింది.

ఓబులేసు అరిచాడు. పుల్లక్క అంతకన్నా గట్టిగా అరిచింది. "అచ్చం నీ మొగమే ఇంకొకడు పెట్టుకోనొస్తే నేనేం జేసేదప్పా? ఈడ కూసో, వస్తా" అని అతన్ని గోనె మీద కూర్చోబెట్టి బస్టాండు వైపు పరుగెత్తింది.

అరగంట కూర్చున్నాడు. ఈలోగా జనం వచ్చి చెప్పులిచ్చి పోతున్నారు, వచ్చి పట్టుకుపోతున్నారు. డిగ్రీ చదివి, మూడు శిక్షణలు పొందిన ఓబులేసు ఆ అరగంటలో రెండు జతలు తారుమారు చేశాడు. పుల్లక్క, చెప్పులతో పాటు వాటిని తీసుకుపోయినవాణ్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. వాడు సిగ్గుపడుతూ నిలబడితే వాణ్ని వదిలేసి, తారుమారు చేసినందుకు ఓబులేసుని తిట్టింది. ఆ తిట్లన్నీ విని, తన చెప్పులు వేసుకుని, ఐదు రూపాయలూ ఇచ్చి మరీ వెళ్లాడు. ఎందుకిచ్చాడో దారంతా ఆలోచించినా తేలలేదు.

మర్నాడు మళ్లీ ఎక్కాడు. వామదేవయ్యగారు యాప్ ఊసెత్తలేదు.

"చెప్పులెక్కడ వదిలావు?"

"పుల్లక్క దగ్గర స్వామీ."

"నిన్న పోగొట్టిన పుల్లక్కేనా?"

ఆ గొడవ కొండెక్కి ఈయన చెవిన ఎప్పుడు పడిందో ఏమో. లాకర్లలో ఇంతవరకు ఒక్క జతా పోలేదని ఓబులేసుకి తెలుసు. ఉచితమనీ తెలుసు, సులువనీ తెలుసు. ఇవన్నీ తెలిసిన మనిషి పొద్దున్నే ఆ లాకర్ల ముందు నుంచే నడిచి, కుడి పక్కకి ఎందుకు తిరిగాడో మాత్రం తెలియలేదు. కాళ్లే అటు పోయాయి స్వామీ అందామనుకున్నాడు గానీ అదీ జవాబులా తోచలేదు.

"పోతే మళ్లీ పోట్లాడొచ్చని..." అని నసిగి, తను అన్నదేమిటో తనకే అర్థంకాక ఆగిపోయాడు.

వామదేవయ్యగారు కండువా భుజాన వేసుకుని పూజకి లేచారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఆ లాకర్ల మీద కూడా తేడా వస్తే అడగమని ఏదో నంబరు రాసి ఉంటుంది ఓబులేసూ. పదకొండంకెలు. ఎప్పుడైనా చూశావా?"