ఆరు మూరల మోకు

“ఒరేయ్ నక్కా! ఇది మోకా, మొలతాడా?”

వీధి చివర గానుగ దగ్గర్నుంచి కేక! అరిచింది ఎవరనుకున్నారు? ఎద్దు కోటిలింగం. ఏనాడూ గొంతెత్తని ఎద్దు. ఎత్తక ఏం చేస్తుంది పాపం? ఆవేళ వనభోజనాలు. గారెల పిండి రుబ్బుకుని అడవి అడవంతా నూనె కోసం కాచుకుని ఉంది. గానుగ మోకేమో తెగి కూర్చుంది. నక్క చేత తెప్పించిన కొత్త మోకేమో కురచ. పిండి పులుస్తోంది.

నక్క సింగన్న సెల్లు చూసుకుంటూ వచ్చింది. దానిది ఆన్‌లైన్ బేరం. అమ్మేదెవరో కొనేవాళ్లకు చెప్పదు, కొనేదెవరో అమ్మేవాళ్లకు చెప్పదు. చెబితే మధ్యలో తనెందుకు?

“ఆరు మూరలన్నావు, ఆరు మూరలే వచ్చింది మామా.”

“నా మెడకే చాల్లేదు, గానుగ కర్రకేం కట్టనురా?”

“కంప్లైంటు పెట్టు. కంపెనీవాళ్లు చూస్తారు.”

“ఎక్కడా కంపెనీ? నేనే మాట్లాడతా.”

“కొండల అవతల మామా. అయినా రూల్సు ఒప్పుకోవు.”

“గారెల బదులు నీ రూల్సు వేయించుకు తినాలా? ఎవర్రా ఆ ఆరు మూరలు కొలిచిన మహానుభావుడు!” అని వీధి అదిరేలా రంకేసింది ఎద్దు.

పక్కింటి గోడ మీదికి కోతి మంగతాయి ఎగబాకింది, చేతిలో కొబ్బరి పీచుతో.

“నేనే అన్నయ్యా! నా చేత్తో కొలిచి పేనాను. ఎవరికని అడిగితే ‘నీకెందుకు, పేను’ అన్నాడీ నక్క.”

“నీ మూరా! నేను చెప్పింది నా ముందుకాలి మూర తల్లీ!”

“నీకని తెలిస్తే గోడ దూకొచ్చి నీ కాలే కొలుచుకునేదాన్ని కదా!”

కోతి తాళ్లు పేనుతుందని ఎద్దుకు తెలియక కాదండీ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! ఫోన్లో దొరికేదే గట్టి మోకనుకుంది.

“ఏరా, ఈ గోడేనా నువ్వు చెప్పిన కొండ?” అంది ఎద్దు.

నక్క సెల్లు పైకెత్తి చూపించింది. “కొత్త ఆర్డరు పెట్టాలన్నా మళ్లీ నా ఫోన్లోంచే...”

“ఫోను అవతల పెట్టి ఈ కొస పట్టుకో!” అంది కోతి. ఎద్దు కాలు కొలిచి, నక్క చేత పీచు లాగించి, మోకుకు అతుకు పేనింది. నక్క అరచేతులు బొబ్బలెక్కాయి. గానుగ కిర్రుమంది. నూనె కారింది. గారెలు పొంగాయి.

అందరూ విస్తళ్ల ముందు చేరేసరికి నక్క మళ్లీ లేచింది. “ఎవరికెన్ని గారెలో నాకు చెప్పండి, నేను...”

“గారెకీ నోటికీ మధ్య నువ్వెందుకురా? కూర్చో!” అని కోతి పక్కకు జరిగి చోటిచ్చింది. నక్క కూర్చుంది. అందరూ తిన్నారు.

గోడవతలి మనిషితో మాట్లాడటానికి మధ్యవర్తిని పెట్టుకుంటే మాటా కురచే, మోకూ కురచే.