బూరెమ్మ పథ్యం

అడ్డరోడ్డు దగ్గర పుల్లమ్మ టిఫిన్ల పాక వెనకాల చిన్న పెరడు ఉంది. ఆ పెరట్లో కట్టెల బండి లాగే గంగన్న అనే ఎద్దూ, ఓ అరడజను నాటుకోళ్ళూ కాపురం ఉంటున్నాయి. ఆ కోళ్ళలో ఒకదాని పేరు బూరెమ్మ. గుండ్రంగా, నిగనిగలాడుతూ, అప్పుడే మూకుడులోంచి తీసినట్టు ఉంటుందని తోటికోళ్ళు పెట్టిన పేరు అది. అసలు పేరు ఏమిటో దానికే గుర్తు లేదు.

తక్కిన కోళ్ళు తెల్లారగానే కంచె దాటి, గట్ల వెంట పురుగూ పుట్రా ఏరుకోవడానికి పోయేవి. బూరెమ్మకు ఆ అవస్థ ఎందుకు? పాక చూరు కింద కూర్చుంటే చాలు, తినేవాళ్ళు పారేసిన బోండా ముక్కలు, పూరీ అంచులు ముక్కు ముందుకే వచ్చి పడేవి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. బూరెమ్మ కూర్చుని తింటే మాత్రం కొండ పెరిగింది.

పొద్దు గూకితే కోళ్ళన్నీ మునగచెట్టు మీదికి ఎగిరి పడుకునేవి. ఒకనాడు బూరెమ్మా ఎగరబోయి, కింది కొమ్మను విరగ్గొట్టుకుని కుడితితొట్టిలో పడింది. అప్పటినుంచీ దాని పడక గంప కిందే. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఒళ్ళు కొవ్వెక్కి గుడ్లు పెట్టడం మానేసింది.

ఒకరోజు పుల్లమ్మ పిండి రుబ్బుతూ మొగుడితో అంది: "ఈ పెట్టకి తినడమే గానీ పెట్టడం లేదయ్యా. వచ్చే నెల్లో అల్లుడొస్తున్నాడు. ఆలోగా గుడ్డు పెట్టిందా, సరే. లేకపోతే పులుసే."

ఆ మాట బూరెమ్మ చెవిన పడింది. పడుతూ లేస్తూ గంగన్న దగ్గరికి పోయింది.

"మావా! నా పీక మీదికొచ్చింది. ఒళ్ళు తగ్గాలి, గుడ్డు పెట్టాలి. ఏం తినమంటావో చెప్పు!"

గంగన్న నెమరు ఆపింది. అది ఏ మాటకైనా తొందరపడదు. "ఏవుందే అమ్మీ! ఆ బోండాల జోలికి పోకు. కంచె పక్కన తోటకూర మొలిచింది, పొడుచుకు తిను. నా దాణాలోంచి నాలుగు ఉలవలు రాలతాయి, ఏరుకో. గట్ల మీద పురుగులున్నాయి, పుట్ట దగ్గర చెదలున్నాయి. తిరిగి తిను, తిని తిరుగు. కాణీ ఖర్చు లేదు."

"అంతేనా?"

"అంతే."

బూరెమ్మకు మనసంతా చప్పబడిపోయింది. ఇంత పెద్ద జబ్బుకు ఇంత చిన్న మందా? అదీ పెరట్లో దొరికేదా? 'గడ్డి తినేవాణ్ణి అడిగాను చూడు, నాదే బుద్ధి తక్కువ' అనుకుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనుషులు ఊరికే అన్నారా! మనుషులు పారేసిన బోండాలతో పాటు మనుషుల బుద్ధి కూడా ఆ కోడికి కాస్త అంటుకుంది.

కంచె అవతల పొదలో ఒక గుంటనక్క ఈ మాటలన్నీ విన్నది. బూరెమ్మ మీద దానికి చాలాకాలంగా కన్ను. కానీ గంగన్న కొమ్ముల్నీ, పాక దగ్గరి జనాన్నీ తలచుకుంటే పెరట్లో అడుగు పెట్టే దమ్ము లేదు. కోడే బయటికి నడిచి రావాలి.

మర్నాడు గంగన్న బండితో పోగానే నక్క కంచె సందులోంచి మూతి పెట్టింది. "చెల్లెమ్మా, ఎద్దునా సలహా అడిగేది? దాని పొట్ట చూశావా? ఒళ్ళు తగ్గాలంటే బాదంపప్పు తినాలి, ఆపిలు ముక్కలు తినాలి. పట్నం కోళ్ళు అవే తింటాయి. ఒక్కోటి ఎంత నాజూగ్గా ఉంటుందనుకున్నావు!"

బూరెమ్మ కళ్ళు తడి అయ్యాయి. "బాదంపప్పు తినడానికి మాకేం మాగాణులున్నాయన్నా? గీరుకుంటే గింజ, లేకపోతే పస్తు. లేనివాళ్ళు లావుగానే చావాలి కాబోలు."

"అంతమాటనకు తల్లీ! మీలాంటి వాళ్ళకోసమే నేనో వైద్యం పెట్టాను. హిమాలయాల గింజలు. నీ దగ్గర చిల్లిగవ్వ పుచ్చుకోను."

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే లోకం ఇది. బూరెమ్మ మెడ ముందుకు సాగింది. "పథ్యం ఏవిటి వైద్యుడుగారూ?" అంది. అన్న కాస్తా అప్పుడే వైద్యుడుగారయ్యాడు.

"పథ్యం కఠినం. పాక దగ్గర ముక్క ముట్టకూడదు. లంఖణం పరమౌషధం అన్నారు. రోజుకో పొట్లం పెడతాను, నడిచొచ్చి అక్కడే తినాలి. ఇవాళ కంచె దగ్గర, రేపు జొన్నచేని గట్టు మీద, ఆ తర్వాత వాగు ఒడ్డున. అలా అలా ఆఖరి పొట్లం గుట్ట కింద నా బొరియ దగ్గర."

బోండాలు మాన్పించింది కోడి ఆరోగ్యం కోసం కాదని వేరే చెప్పాలా? చేల గట్ల మీదా, వాగు దగ్గరా మనుషులు తిరుగుతుంటారు, పట్టుకుంటే గుట్ట దగ్గరే పట్టుకోవాలి; కడుపు మాడితేగానీ అది గుట్టదాకా నడవదు. అయితే నక్కకు ఇంకో తిప్పలు వచ్చిపడింది. హిమాలయాలు ఏ దిక్కున ఉన్నాయో దానికి తెలీదు. పైగా కరువు రోజులు, దానికే పూట గడవడం లేదు, మందులెక్కడ కొంటుంది? బండ్ల బాట వెంట రాలిన ఉలవలు ఏరింది. ఎండిన తోటకూర కంకులు దులిపింది. పుట్ట గీకి నాలుగు చెదపురుగులు కలిపింది. టేకాకులో పొట్లం చుట్టి, గడ్డిపోచతో కట్టింది. చూడ్డానికి మందులాగే ఉంది.

మొదట్లో బూరెమ్మ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. బోండాల వాసన వస్తే ముక్కు రెక్క కింద దాచుకునేది. జొన్నచేను దాకా నడిచేసరికి రొప్పు వచ్చి మూడుచోట్ల కూలబడేది. అయినా పొట్లం విప్పి ఒక్కో గింజా భక్తిగా మింగేది. తిరిగొస్తూ దారిలో కనబడ్డ పురుగులు కూడా తినేది, వైద్యుడు వద్దనలేదు గదా!

ఒకరోజు ఒక గింజ ముక్కున కరుచుకొచ్చి గంగన్న ముందు పెట్టింది. "చూశావా మావా? హిమాలయాల గింజ!"

గంగన్న వాసన చూసింది. "ఇది ఉలవే గదే. పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచీ తింటన్నాను."

"నువ్వు హిమాలయాలు చూశావా?"

"లేదు."

"మరి మాట్టాడకు."

"సరేగానీ, ఇంత చేస్తన్నాడు గదా, ఆ వైద్యుడికేం గిడుతుందే?"

"అంతా నీలాగే లెక్కలు చూసుకుంటారేంటి!" అని బూరెమ్మ విసవిసా పోయింది. ఆ విసవిసా పోవడంలో వెనకటి ఊగులాట లేదు, గంగన్న గమనించింది. కొన్నాళ్ళకు తోటికోళ్ళు దానికి మునగచెట్టు మీద చోటిచ్చాయి. కొమ్మ విరగలేదు.

ఇటు నక్కకు గుబులు పట్టుకుంది. కోడి వాగు దాటి వచ్చిందన్న సంతోషం ఒకపక్క, వచ్చినప్పుడల్లా ఇంత మాంసం తరుగుతోందన్న దుఃఖం ఒకపక్క. ఇంకా ఆలస్యం చేస్తే ఈకలే మిగిలేట్టున్నాయి. "వైద్యం బాగా పట్టింది తల్లీ, రేపే ఆఖరి మోతాదు!" అని చెప్పేసింది.

మర్నాడు బూరెమ్మ తుమ్మచెట్ల మధ్యనుంచి గుట్ట కిందికి చేరింది. నక్క బొరియ ముందు కూర్చుని ఉంది. దాని పక్కన టేకాకు పొట్లం. దాని వెనక, బొరియ నోట్లో, గుట్టగా కోడి ఈకలు.

బూరెమ్మకు సంగతి అర్థమైంది. పారిపోదామంటే నక్క ఒక్క దూకు దూరంలో ఉంది. ఏమీ ఎరగనట్టు అడిగింది: "వైద్యుడుగారూ, ఆ ఈకలెవరివి?"

"నా దగ్గర వైద్యం చేయించుకున్న వాళ్ళవే. చాలా తేలికైపోయారు."

"అవునవును, ఈకలంత తేలికయ్యారు." బూరెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకు తగ్గిందో లేదో చూడకుండానే ఆఖరి మోతాదు ఇచ్చేస్తారా?"

"ఎలా చూడమంటావు?"

"ఒకసారి ఎగురుతాను. కింద పడితే ఇంకా లావున్నట్టు. అప్పుడు మీ ఇష్టం."

గంప కింద పడుకునే కోడి ఎక్కడికి ఎగురుతుందిలే అనుకుంది నక్క. పడ్డాక నోట కరుచుకోవడం ఇంకా సులువు. "కానీ తల్లీ, కానీ" అంది.

బూరెమ్మ రెక్కలు టపటపలాడించింది. ఒక్క ఊపున తుమ్మకొమ్మ మీద వాలింది. నక్క ఎగిరింది. అందలేదు. మళ్ళీ ఎగిరింది, ముల్లు మూతిలో దిగింది.

"తగ్గింది వైద్యుడుగారూ!" బూరెమ్మ కొమ్మ మీద అటూ ఇటూ నడిచి చూపించింది. "మీ మందు దొడ్డ మందు!"

"దిగవే తల్లీ, మందు మిగిలిపోయింది!"

"మీరు పుచ్చుకోండి. బాగా నమిలి మింగండి. లంఖణానికి ముందు మంచిది."

ఆకలితో కళ్ళు తిరుగుతున్న నక్కకు మరో దారి కనబడలేదు. తిట్టుకుంటూ పొట్లం విప్పి, ఆ ఉలవలు తనే పటపట నమిలింది. అంతలో గుట్ట బాటన గంగన్న మెడగంట వినిపించింది. నక్క బొరియలో దూరింది. బూరెమ్మ కొమ్మ మీంచి ఎగిరి బండిలోని కట్టెల మోపు మీద వాలింది.

  బండి వాగు దాటాక సిగ్గుపడుతూ అడిగింది.

"మావా... అవి ఉలవలేనా?"

"ఉలవలేనే అమ్మీ."

"మరి నువ్వు చెప్పినప్పుడు నాకెందుకు ఎక్కలేదు?"

"నాకు పొట్లం కట్టడం రాదు గదే" అంది గంగన్న, బండి లాగుతూనే.

అల్లుడు వచ్చేనాటికి కట్టెల చాటున నాలుగు గుడ్లు దొరికాయి. పుల్లమ్మ వాటితోనే పులుసు పెట్టి, అల్లుడి ముందు బూరెమ్మను తెగ మెచ్చుకుంది.

నీతి: పెరటి కూరను చులకన చేయకు, ఊరికే మందు పెట్టేవాడి ఆకలేమిటో ముందు చూసుకో.