పొగ మానేసిన పంటు

గోదారి పాయకి ఈ ఒడ్డున కొత్తలంక, ఆ ఒడ్డున చింతరేవు. రెండూళ్ళకీ కలిపి ఉన్న తెలివంతా ఓలేటివారింట్లోనే ఉందని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించిందీ, పెంచి పెద్దచేసిందీ ఓలేటివారే. అన్నదమ్ములు ముగ్గురు: పెద్దాడు సింహాద్రి, నడిపాడు గవర్రాజు, చిన్నాడు లోవరాజు. ముగ్గురూ కలిసి డీజిలు పంటు నడుపుతారు. మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, గేదెల్నీ ఒడ్డు దాటిస్తారు.

"మనకున్న బుర్రకి సముద్రంలో ఓడలు నడపాల్సిందిరా. ఏదో గోదారి మీద జాలిపడి ఇక్కడుండిపోయాం" అంటాడు సింహాద్రి. తమ్ముళ్ళిద్దరూ గోదారికేసి జాలిగా చూస్తారు.

ఆ పంటుకి ఉన్న లోపం ఒక్కటే, పొగ. కాకులు కూడా ఎక్కడ నల్లబడిపోతామోనని పక్కకి తప్పుకునేంత పొగ.

లోవరాజుకి ఆ పొగ పగవాడైపోయింది. చింతరేవు ఒడ్డున నూకాలమ్మ కూతురు దమయంతి అప్పడాలు ఎండబెడుతుంది. ఆ పిల్ల వంగి చాపల మీద పరుస్తుంటే, ఒక్కో అప్పడం ఒక్కో పున్నమి చంద్రుడిలా కనపడేది లోవరాజుకి. తీరా పంటు దగ్గరికొచ్చేసరికి చంద్రుళ్ళందరికీ గ్రహణం పట్టేసేది.

ఓ రోజు ధైర్యం చేసి పిల్లనిమ్మని అడిగేశాడు. నూకాలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"నా అప్పడాల మీద మసి పడకుండా మీ పంటు ఈ ఒడ్డుకి రానీ. ఆ రోజే పిల్లనిస్తా. లేదంటే సైకిలు షాపు పోతురాజు అడుగుతున్నాడు. సైకిలు పొగ పెట్టదు."

ఇంకేముంది! లోవరాజుకి అన్నం సయించలేదు. అన్నలిద్దరూ వాడి కంచంలోది కూడా తినేసి, ఆలోచించి, కాకినాడ నుంచి ఇంజనీరు వైకుంఠరావుని పిలిపించారు. పెద్దపెద్ద ఓడలకీ, కరెంటు తీసే డీజిలు ఇంజన్లకీ పొగ తగ్గించే సామాను బిగించే మనిషాయన. పొగగొట్టానికి ఓ ఇనప పెట్టె బిగించాడు. లోపల సన్నటి జల్లెడ.

"పొగలోని మసిని ఇది ఆపేస్తుంది. జల్లెడ మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉంచాలి. తెలిసిందా?"

"ఆయ్, అదెంత పనండీ" అన్నాడు సింహాద్రి.

ఇంజనీరు అటు బస్సెక్కాడో లేదో, ఇటు పంటు కదిలింది. కాస్త దూరం పోయాక గవర్రాజు పెట్టె తెరిచి చూసి గుండెలు బాదుకున్నాడు. "అన్నయ్యా! కొంప మునిగింది! జల్లెడ నల్లగా అయిపోయింది!"

"శుభ్రంగా ఉంచమన్నాడు కదరా పెద్దమనిషి! అంత మంచి వస్తువుని తీసుకెళ్ళి పొగలో పెడతారా ఎవరైనా?"

అంతే. జల్లెడ ఊడబీకి, చింతపండుతో తళతళా తోమి, ఇంటికి తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టారు. దానికో పువ్వు కూడా పెట్టారు. పొగ ఎప్పట్లాగే వెళ్ళి అప్పడాల మీద పడింది.

ఫోనులో ఇంజనీరు తల పట్టుకున్న చప్పుడు కొత్తలంకదాకా వినిపించింది. "జల్లెడ ఉన్నచోట పెట్టండయ్యా! ఇంకోటి, మీరు పోసే డీజిల్లో మురికుంది. శుభ్రమైన డీజిలు పోస్తే సగం పొగ అక్కడే తగ్గుతుంది."

"విన్నారా? స్నానం చేయించాలిట" అన్నాడు సింహాద్రి.

కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో పిసికి, రసం తీసి, డీజిలు పీపాలో పోసి ముగ్గురూ రుద్దరా రుద్దు. "కళ్ళలో పడకుండా చూడరా" అన్నాడు గవర్రాజు, డీజిలు కళ్ళ గురించే. తర్వాత ఇంజను స్టార్టు చేశారు. అది దగ్గింది, తుమ్మింది, ఎక్కిళ్ళు పెట్టింది. ఆనక పొగగొట్టంలోంచి బుడగలు! ఎండలో రంగురంగుల బుడగలు తేలుతూ వెళ్ళి దమయంతి జడ మీద వాలాయి. లోవరాజు మైమరచిపోయాడు. స్వర్గంలో ఇలాగే ఉంటుందనుకున్నాడు.

బుడగల వెనకాలే నురగ కూడా వెళ్ళింది. చాపల నిండా పడింది.

"అత్తా, మసి పడలేదు కదా! నురగ తెల్లగానే ఉంది కదా!" అని పంటు మీంచి అరిచాడు.

"ఎవర్రా నీకు అత్త? అప్పడం వేయిస్తే తలంటు వాసనొస్తోంది! ఎవడు కొంటాడ్రా?"

ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఇంజనంతా విప్పి కడిగాడు. ఈసారి ఓ కొత్త గొట్టం తెచ్చి, పొగగొట్టం చుట్టూ చుట్టాడు. "చూడండి. పొగతోపాటు బోలెడు వేడి గాల్లోకి పోతోంది. దండగ. ఈ గొట్టంలో నీళ్ళు పోస్తే ఆ వేడికి కాగుతాయి. టీ కాచుకోండి, స్నానాలు చెయ్యండి. వేడిని మాత్రం బయటికి పోనివ్వకండి."

ఆయన వెళ్ళగానే గవర్రాజు ఇంట్లో ఉన్న బొంతలన్నీ మోసుకొచ్చాడు. ఒకటి పొగగొట్టానికి చుట్టాడు. రెండోది కూడా చుట్టాడు. ఇంకా పైనుంచి వేడి పోతూనే ఉంది. మూడో బొంతని ముద్దచేసి పొగగొట్టం నోట్లో కుక్కేశాడు.

"ఇప్పుడెలా పోతావో చూస్తా" అన్నాడు వేడితో.

నది మధ్యకొచ్చేసరికి పంటు కడుపుబ్బిన గేదెలా మూలగడం మొదలెట్టింది. పొగ కమ్మేసి ముగ్గురన్నదమ్ములూ ఒకరికొకరు కనపడటం మానేశారు. ఆపైన ఢామ్మని ఓ చప్పుడు! బొంత ఆకాశానికి లేచి, గోదారి దాటి, సరిగ్గా వెళ్ళి నూకాలమ్మ నెత్తి మీద ముసుగులా పడింది. అందులోని మసంతా ఆవిడ మీదా, అప్పడాల మీదా, పక్కింటి ఆవు మీదా సమంగా పంచింది.

ముసుగు తీసి నూకాలమ్మ ఒకటే మాటంది. "రేపు. రేపొక్కటే ఆఖరు. మసి కనపడిందా, సాయంత్రమే పోతురాజుకి తాంబూలాలిచ్చేస్తా."

దమయంతి పంటుకేసి చూసి, కళ్ళు దించుకుంది. ఆ చూపుకి లోవరాజు లోపల ఏదో అప్పడంలా విరిగింది.

తెల్లారేసరికి కాళ్ళావేళ్ళా పడి ఇంజనీరుని రప్పించారు. ఆయన పెట్టెలో జల్లెడ మళ్ళీ బిగించి తాళం వేశాడు. బొంతలు తగలబెట్టించాడు. చప్పుడు తగ్గే డబ్బా కూడా పెట్టాడు. చుక్కాని సవరించి, తానే ఇంజను స్టార్టు చేసి, ఒడ్డుకి దూకి వేలు చూపించాడు.

"నేను అన్నీ చేసేశా. ఇహ దేన్నీ ముట్టుకోకండి! ముట్టుకున్నారో, చేతులు విరగ్గొడతా!"

"ఆయ్, అలాగేనండి."

ముగ్గురూ చేతులు కట్టుకుని కూచున్నారు. పంటు నీటి మీద హంసలా సాగిపోతోంది. చుక్కాని పట్టుకునే నాథుడు లేడు.

నది మధ్యలో సింహాద్రి పైకి చూశాడు. గతుక్కుమన్నాడు. "ఒరేయ్! పొగేదిరా?"

గవర్రాజు చూశాడు. ఆకాశం నీలంగా ఉంది. "చప్పుడూ లేదన్నయ్యా. పిల్లి గురక పెట్టినట్టుంది."

"పొగ లేదంటే ఇంజను ఆగిపోయినట్టే! పుట్టి బుద్ధెరిగాక పొగ లేకుండా పంటు నడవడం చూశావా?"

లోవరాజు చటుక్కున లేచాడు. అవతల దమయంతి పైటకొంగు రెపరెపలాడుతోంది. ఆఖరి రోజున ఇంజను ఆగిపోవడమా! "దిగి తోద్దాం అన్నయ్యా!"

"ముట్టుకోవద్దన్నాడు కదరా?"

"చేతులు విరగ్గొడతానన్నాడు. తలల ఊసెత్తలేదు. తలతో తోద్దాం!"

ఇంత తెలివి తమ ఇంట్లోనే పుట్టినందుకు ముగ్గురూ ఓ క్షణం మురిసిపోయి, ఢబేలున గోదాట్లోకి దూకారు. తలలు పెట్టి తోద్దామని చూసేసరికి పంటు వాళ్ళని వదిలేసి తన దారిన తాను పోయింది.

"చూశారా, మనం ఒక్క తోపు తోసేసరికి ఎంత దూరం పోయిందో!" అన్నాడు గవర్రాజు నీళ్ళు మింగుతూ.

మనిషి లేని పంటు వచ్చి ఇసకెక్కింది. అంతటితో ఆగలేదు. చాపల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఈడ్చుకుంటూ పోయి అప్పుడాగింది.

లోవరాజు ఈదుకుంటూ వచ్చి, రొప్పుతూ ఒడ్డెక్కాడు. "అత్తా! చూసుకో! ఒక్క అప్పడం మీదైనా మసి పడిందా?"

నూకాలమ్మ గుప్పెడు పొడి తీసి చూపించింది. "అప్పడం ఏదిరా?"

"పొడైతేనేం, తెల్లగా ఉంది కదా!"

"ఛీ! ఫో! ఇక నా కళ్ళకి కనపడకు!"

లోవరాజు బుద్ధిగా ఆవిడ వెనక్కి వెళ్ళి, తడిచేతులతో ఆవిడ రెండు కళ్ళూ మూసేశాడు.

ఆవిడ ఎటు తిరిగితే అటు తిరిగాడు. కూచుంటే కూచున్నాడు. కొడితే కొట్టించుకున్నాడు. చేతులు నొప్పెడితే గవర్రాజు వచ్చి కాసేపు సాయం పట్టాడు. దమయంతి పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మా, మసి పడకపోతే పిల్లనిస్తానని మాటిచ్చావు కదే. పడలేదుగా మరి!"

"ఇస్తానే తల్లీ, ఇస్తా! పోతురాజూ వద్దు, ఎవడూ వద్దు, వీడికే ఇస్తా! ముందు చేతులు తియ్యరా!"

"తీస్తే కనపడిపోతాను అత్తా."

"కనపడి చావు!"

అంతే. లోవరాజు చేతులు తీశాడు. ముందుకొచ్చి, తడిజుట్టు వెనక్కి దువ్వుకుని, ఆవిడకి పూర్తిగా కనపడేలా నిలబడి దణ్ణం పెట్టాడు. దమయంతిని ఒక్కసారి కళ్ళారా చూసుకున్నాడు. అప్పుడు ఇసకలో వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పెళ్ళి కుదిరీ కుదరగానే పోయావా తమ్ముడూ!" అని సింహాద్రి గొల్లుమన్నాడు. గవర్రాజు పాడెకి వెదురుగడల కోసం పరిగెత్తాడు.

దమయంతి పక్కన చతికిలబడి, "ఏవయ్యా, చచ్చిపోయావా?" అంది.

లోవరాజు కళ్ళు తెరవకుండానే, "ఆయ్, ఇప్పుడేనండి" అన్నాడు.