మూడు తెల్ల క్యాన్లు

అనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక ఉండేది, తల్లీ. ఇటు చూస్తే ఏరు, అటు చూస్తే ఏరు. ఆ లంకలో వీరవేణి అని ఒకావిడ వంగతోట వేసుకుని బతికేది. మొగుడు ఏడుకొండలు, ముసలి మావగారు సుబ్బారాయుడు, నీకన్నా చిన్నపిల్ల బుజ్జమ్మ. అంతే వాళ్ళిల్లు.

ఒక శ్రావణమాసం గోదారి పొంగింది. ఏడుకొండలు గేదెల్ని పడవెక్కించి గట్టుకి తోలుకుపోతూ, "మళ్ళీ వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాను. ఈలోగా నీళ్ళు పట్టి ఉంచు" అన్నాడు.

ఏ నీళ్ళు? ఎందులో? అదేం చెప్పలేదు. ఊరి మీదకి ఇన్ని నీళ్ళు వస్తుంటే మళ్ళీ పట్టడమేమిటో వీరవేణికి బోధపడలేదు. అయినా పాకలోంచి మూడు తెల్ల క్యాన్లు తెచ్చి, సబ్బుతో తోమి బోర్లించింది.

అప్పుడు మావగారు అన్నాడు, "వరదనీళ్ళు తాగకూడదమ్మాయ్. బోరు మునిగితే ఆ నీళ్ళూ పాడే. ఇప్పుడే కాచి, చల్లార్చి, మూతెట్టి ఉంచు." సరేనని కాచిన నీళ్ళు ఒక క్యానులో పోసింది.

ఆ తర్వాత పక్కింటి రావులమ్మ వచ్చింది. "మరి కాళ్ళూ చేతులూ కడుక్కోడానికో?" అంది. సరేనని ఏటినీళ్ళు తెచ్చి, పటిక తిప్పి, తేరాక రెండో క్యానులో పోసింది.

ఆ తర్వాత వీధిలో ఎవరో "ఉన్నవన్నీ నింపుకోండర్రా" అంటూ పోయారు. సరేనని మూడోది అప్పటికే సగం మునిగిన బోరు కింద పెట్టి నింపేసింది.

అంతలో నీళ్ళు అరుగెక్కాయి. రావులమ్మది డాబా ఇల్లు. ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటూ పిల్లనీ, ముసలాయన్నీ, బియ్యాన్నీ, గిన్నెల్నీ, క్యాన్లనీ అన్నిటినీ పైకి చేర్చారు.

ఇంక భయం లేదనుకుంటుండగా బుజ్జమ్మ, "అమ్మా, మంచినీళ్ళు" అంది.

వీరవేణి గ్లాసు పట్టుకుని వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. మూడు క్యాన్లూ ఒకే కొట్లో కొన్నవి. ఒకటే ఎత్తు, ఒకటే మూత. మూడింట్లోనూ నీళ్ళు తేటగానే ఉన్నాయి. కాచినవి ఏవి? మెట్ల వైపుదా? కాదు, మధ్యదేమో. మధ్యది రావులమ్మ మోసింది కదా, అయితే ఈ చివరిదా?

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టేసింది. పాకలో ఉన్న క్యాన్లలో ఒకదాంట్లో ఏడుకొండలు వంగతోటకి పురుగుమందు కలిపేవాడు. అది ఏదో ఆవిడకి తెలీదు. కాచిన నీళ్ళు ఆ మందు క్యానులోనే పోసిందేమో, అదీ తెలీదు.

"వాసన చూడవే" అంది రావులమ్మ. చూసింది. మూడూ సబ్బు వాసనే కొట్టాయి. ఒకసారి రెండోదాంట్లో మందు వాసన తగిలినట్టుంది. మళ్ళీ చూస్తే లేదు.

అప్పుడు సుబ్బారాయుడు కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. "నేను ముసలాణ్ణి కదమ్మాయ్. మూడింట్లోంచీ కాస్త కాస్త తాగి చూస్తాను. నాకేమీ కాకపోతే పిల్లకి పట్టు" అని గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

వీరవేణి ఆ చెయ్యి పట్టుకుంది. మావగారి మాటకి ఎదురు చెప్పడం ఆవిడకి అదే మొదలు. "వద్దు మావయ్యా. మందంటూ ఉంటే ఇప్పుడే తెలీదు. రేపు తెలిసినా మీరు ఉండరు."

అని, క్యాన్లు పిట్టగోడ దగ్గరికి ఈడ్చుకుపోయింది. ఉంటే దాహానికి ఎవరో ఒకరు తాగుతారు. అందుకని ఒక్కొక్కటీ మూత తీసి వరదలోకి వంపేసింది. వాటిలో ఒకటి మంచిదే అయి ఉండొచ్చు, తల్లీ. అది ఆవిడకీ తెలుసు. వంపుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

"పిచ్చి పట్టిందా నీకు?" అంది రావులమ్మ. వీరవేణి ఖాళీ క్యాన్లు పక్కకి నెట్టేసింది. చేసింది తప్పో ఒప్పో ఆవిడకే తెలీట్లేదు.

పొద్దున్నించీ కురిసిన వాన, సరిగ్గా అప్పుడే వెలిసింది. చుట్టూ గోదారే గానీ, మందుకొట్టిన చేలన్నీ మునిగిన ఆ నీళ్ళు కాచినా తాగడానికి పనికిరావు. పైన ఎండ, పిల్ల పెదాలు ఎండిపోతున్నాయి. వీరవేణి పిల్లని చీరకొంగు నీడలో పడుకోబెట్టుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా మబ్బు పట్టింది. అప్పుడు మావగారి ఉతికిన పంచె తీసి డాబా మీద పైకి పొడుచుకొచ్చిన ఇనప ఊచలకి నాలుగు మూలలా కట్టింది. తొలి జల్లు పంచెని కడిగి పోయేదాకా ఆగింది. ఆ తర్వాత పంచె కింద అన్నం గిన్నె పెట్టింది. రావులమ్మ లేచి, మెట్లగదిలో వాన పడనిచోట ఎండు కందికట్టెతో ఇటుకల పొయ్యి రాజేసింది. నీళ్ళు తెర్లేదాకా కాచి, చల్లార్చారు. ముందు బుజ్జమ్మ తాగింది. ఆ తర్వాత ముసలాయన. ఆ తర్వాత రావులమ్మా, వీరవేణీ ఒకే గ్లాసుతో తాగారు.

తెల్లారాక ఏడుకొండలు పడవ వచ్చింది. ఏటి ఉరవడికి ముందురోజు దాటలేకపోయాడట. డాబా మీద ఖాళీ క్యాన్లు చూసి ఇవెక్కడివన్నాడు.

"పాకలోవే. నువ్వు మందు కలిపింది ఏదయ్యా వీటిలో?" అని అడిగింది వీరవేణి.

అతను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. "నాకూ తెలీట్లేదు, వేణీ" అని కూర్చుని, బుజ్జమ్మని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ తర్వాత కత్తి తీసి మూడు క్యాన్లనీ అడుగుదాకా చీల్చేశాడు.

మంచి నీళ్ళు ఏ క్యానులో ఉన్నాయంటావా? ఎవరికీ తెలీదే, బంగారం. పిల్ల బతికింది, ముసలాయన బతికాడు. అదొక్కటే తెలుసు.

కాచిన నీళ్ళు బిందెకి,
కమ్మని నిద్దర కంటికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.