రాముడి పేరున్న రాగి కాసు

ఏ కాలమో అడక్కండి గానీ పిల్లలూ, అమరగిరిని ఏలే రాజొకాయన ఉండేవాడు. ఆయన తన రాగి కాసుల మీద సొంత బొమ్మ వేయించుకోలేదు, రాముడి పేరు వేయించాడు. అందుకని ఆ రాజ్యంలో కాసు కాలికి తగిలితే చాలు, పసివాళ్లు సైతం గబుక్కున తీసి కళ్లకద్దుకునేవారు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. వాళ్ల మేనత్త కూతురు హేమలేఖను కరాళకేశుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పెద్దవాడు బంగారం మూటతో వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు కత్తితో వెళ్లాడు, వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు గుణధరుడు. మరదలంటే వాడికి ప్రాణం.

తల్లి కన్నీళ్లు తుడుచుకుని వాడి చేతిలో ఒక్క రాగి కాసు పెట్టింది. "జాగ్రత్త నాయనా! ఇది మళ్లీ తెచ్చి నాకే ఇవ్వాలి" అంది.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును గుణధరుడు విడిపించాడు. అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండో సముద్రం దాటింది, అలా అలా ఏడూ దాటింది.

"బాబూ, మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. దాన్ని పట్టుకుంటే వాడి మంత్రం పారదు. కానీ వాడు రెప్పయినా వెయ్యకుండా దాన్నే కాపలా కాస్తుంటాడు. నిద్రపోయి ఎన్నేళ్లయిందో!" అంది తాబేలు.

మాంత్రికుడి గుహ ముందు అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉంటే గుణధరుడికి ఏడుపొచ్చింది. దిగమింగుకుని లోపలికి వెళ్లాడు.

"ఏ ఊరురా నీది?" గద్దించాడు మాంత్రికుడు, పంజరం మీంచి చూపు తిప్పకుండానే.

"అమరగిరి."

"ఓహో, నేను పుట్టిందీ అక్కడే! అయినా నిన్ను వదుల్తాననుకోకు" అంటూ మాంత్రికుడు దండం ఎత్తాడు.

అక్కడే పుట్టాడా! గుణధరుడు చటుక్కున కాసును నేల మీద దొర్లించాడు. అది పోయి పోయి మాంత్రికుడి పాదానికి తగిలింది.

"అపచారం, అపచారం!" అంటూ మాంత్రికుడు వంగి, కాసు తీసి, కళ్లు మూసుకుని అద్దుకున్నాడు. తెరిచేసరికి చిలుక గుణధరుడి చేతిలో ఉంది.

మాంత్రికుడు కూలబడిపోయాడు. "చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన అలవాటు. ఇంకా పోలేదన్నమాట" అన్నాడు. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూశాక చిలుక గొంతు నులమడానికి గుణధరుడికి చేతులు రాలేదు. "మావాళ్లను విడిచిపెట్టు. ఈ చిలుకను నేను చల్లగా చూసుకుంటాను. ఇక నువ్వు కాపలా కాయక్కర్లేదు" అన్నాడు.

మాంత్రికుడు అన్నలను మళ్లీ మనుషుల్ని చేశాడు. హేమలేఖ చెర విడిపించాడు. అందుకు బదులుగా ఒక్కటే అడిగాడు, "ఈ కాసు నా దగ్గర ఉంచుకోనా?" అని.

పెళ్లిపందిట్లో తల్లి కొడుకు చెవిలో, "నా కాసేదిరా?" అంది.

"ఒకాయన దాన్ని కళ్లకద్దుకుని హాయిగా నిద్రపోతున్నాడమ్మా."

"అయితే అక్కడే ఉండనీలే" అంటూ తల్లి అక్షింతలు వేసింది.

అన్నలు సంతోషంగా తమ్ముడికే పట్టం కట్టారు. గుణధరుడూ హేమలేఖా చాలాకాలం చల్లగా ఏలారు. ఆ ఏలినంతకాలం చిలుకకు జామపండు తప్పలేదు.