ఆచారిగారు ఒప్పుకున్న తప్పు

మీరావలి మేస్త్రిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చేతిలో ఉన్న పని ఆపడు, తల ఎత్తడు, అడిగినవాడికి తన ప్రశ్న తనకే మరోసారి వినపడేదాకా ఊరుకుంటాడు. గుంటూరులో ఆయన షెడ్డులో పదకొండేళ్లుగా పని నేర్చుకుంటున్న ఏలీషాకు ఈ సంగతి తెలుసు. తెలిసీ ఒక మంగళవారం మధ్యాహ్నం, అన్నాలు తిని చేతులు కడుక్కున్నాక, ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు.

"మేస్త్రిగారూ, నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గదా. అట్టయితే దాన్ని ఇవాళ చెప్పినా, నెల పోయాక చెప్పినా ఒకటేగా?"

ఏదో కబుర్లకు అడిగినట్టే అడిగాడు. కాని ఏలీషా వేదాంతం మాట్లాడే మనిషి కాదు. ముప్ఫై మూడేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చప్పుడు విని ఏ సిలిండరు అలిగిందో చెప్పగలవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి సత్యం గురించి ఆరా తీస్తున్నాడంటే మనసును ఏదో తొలుస్తోందన్నమాట. అదేమిటో ముందు చెప్పాలి.

పావులూరి ఇందుమతి గారి నాన్న పొగాకు ఎగుమతి చేసే రోజుల్లో ఓడ మీద తెప్పించుకున్న కారు ఒకటి ఉంది. 1967 నాటి అమెరికా ప్లిమత్. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, స్టార్టు చేస్తే పక్కింటి గిన్నెలు కదిలేవట. ఆయన పోయాక పదిహేనేళ్లు దుమ్ము కప్పుకుని పడి ఉంది. దాన్ని మళ్లీ బతికించి, తానే నడిపి, ఒక్కసారి పందెంలో పరుగెత్తించాలని ఇందుమతి గారి కోరిక. ఆమెకు యాభై రెండేళ్లు. కోరికకు వయసేమిటని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె అడగనివ్వలేదు కూడా. యుద్ధకాలంలో వేసి వదిలేసిన ఒక రన్‌వే మీద ఏటా ఒక ఆదివారం పాత కార్ల పందెం జరుగుతుంది. పావు మైలు, తిన్నగా, రెండేసి కార్లు. అందులో స్టాక్ క్లాస్ అని ఒక తరగతి ఉంది. కంపెనీ గేటు దాటిననాడు ఇంజన్ లోపల ఎలా ఉందో ఈనాడూ అలాగే ఉండాలి. అరిగిపోయినవి మార్చుకోవచ్చు, సొంత తెలివి మాత్రం చూపించకూడదు.

తెలివి ఉన్నవాడికి అది చూపించొద్దని చెప్పడం అంత సులువు కాదు. ఏడు నెలల పనిలో ఆరు నెలలు ఏలీషా బుద్ధిగానే ఉన్నాడు. ఏడో నెలలో మానిఫోల్డు విప్పాడు. గాలీ పెట్రోలూ కలిసి సిలిండర్లలోకి వెళ్లే దారులున్న ఇనప పోత అది. లోపలంతా గరుకు. మూడో దారిలో ఒక గడ్డ, ఎవడో చేతగానివాడు వెల్డింగు చేసి వదిలేసిన బొట్టులా ఉంది. కిరసనాయిలుతో కడిగి బ్రష్షు పెట్టు, ఇంకేమీ ముట్టుకోవద్దు అని మేస్త్రి చెప్పే వెళ్లాడు. ఏలీషా చెయ్యి ఊరుకోలేదు. గ్రైండరు పెట్టాడు. నాలుగు నిమిషాల పని. గడ్డ పూర్తిగా అరిగాక అర్థమైంది, అది ఏ వెల్డింగూ కాదు, పోత పోసిననాడే వచ్చిన గడ్డ. అరగదీసిన ఇనుమును తిరిగి అతికించే మంత్రం ఎవరి దగ్గరా లేదు. మిగతా దారులన్నీ మసకగా ఉన్నాయి, మూడోది ఒక్కటే మెరుస్తోంది. మానిఫోల్డును తుడిచి మేస్త్రికి అందించాడు. ఆయన తన చేత్తోనే బిగించాడు, ఏమీ అనలేదు. అనలేదు గనక చూడలేదని ఏలీషా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున పందెం దగ్గరికి ఇందుమతి గారు ఒక పెద్దాయన్ని స్వయంగా వెంటబెట్టుకొచ్చారు. కంచర్ల నాగలింగాచారి, డెబ్భై తొమ్మిదేళ్లు. ఇందుమతి గారి నాన్న ఉన్నప్పుడు ఆ కారును ముప్ఫై ఒక్కేళ్లు చూసుకున్నది ఆయనే. సిలిండర్లకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్లో పాయింట్ల మధ్య సందు వెంట్రుకంత ఉంటుంది. దాన్ని కొలిచే రేకులు లేకుండా గోటితో తడిమి పెట్టేవాడని గుంటూరు మెకానిక్కులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆచారిగారు ఆ కారు వంక పెళ్లిపీటల మీద మనవరాలిని చూసినట్టు చూస్తున్నాడు.

పందేనికి ముందు తనిఖీ. కోయంబత్తూరు నుంచి వచ్చిన తనిఖీదారు మేస్త్రి చేత కార్బురేటరు తీయించి, సన్నని గొట్టం కెమెరా లోపలికి దించాడు. మొదటి దారి, రెండో దారి. మూడో దారి దగ్గర చెయ్యి ఆగింది. ఇక్కడ గ్రైండరు పెట్టిందెవరని అడిగాడు.

బానెట్ ఎత్తగానే అంతకు ముందు పనిచేసినవాణ్ని తిట్టడం ఆ వృత్తిలో మంగళాచరణం వంటిది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రతి మెకానిక్కుకూ తనకు ముందటి మెకానిక్కే ఓటి మద్దెల. ఏలీషా నోటికి ఆ మాట ఎంత అలవాటో, ఆలోచన పుట్టకముందే మాట వచ్చేసింది.

"మేం ముట్టుకోలేదండీ. పాతోళ్ల పని అయ్యుంటది."

పాతవాళ్లంటే అక్కడ ఉన్నది ఒక్కడే. అందరూ కుర్చీ వైపు తిరిగారు. ఆచారిగారు కర్ర ఊతంగా లేచి వచ్చి, కెమెరా తెర మీద ఆ మెరుపు చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాడు ఏలీషా, తెచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన తన కుడి చేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఇందుమతి గారికి దణ్ణం పెట్టాడు.

"నేనే అయ్యుంటానమ్మా. ఈ మధ్య ఏదీ జ్ఞాపకం ఉండటం లేదు. నాన్నగారి బండి చెడగొట్టాను, క్షమించు."

ఆమె గబగబా ఆయన చేతులు పట్టుకుని కిందికి దించింది, పర్వాలేదంది. కాని ఆమె గొంతులో పర్వా ఉంది. పందేనికి పనికిరాదని తేల్చి కారును పక్కకు నెట్టారు. ఆమె చాలాసేపు స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, కదలని కారులో కూర్చుంది. ఏలీషా తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మొదటి మాట అలవాటు కొద్దీ వచ్చిందనుకుందాం. ఆ తర్వాత సాయంత్రం దాకా సాగిన మౌనాన్ని అలవాటు మీదికి నెట్టడానికి లేదు. నోరు తెరవడానికి ఎన్నో సందులు దొరికాయి, ఒక్కొక్కటీ జారిపోయిన కొద్దీ తర్వాతిది ఇంకాస్త ఇరుకైంది. అతనికి సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, ఇంటికి వెళ్లి పిల్లలు పందెం సంగతి అడిగితే వాళ్ల మీద కసురుకున్నాడు.

ఇదీ మంగళవారం నాటి ప్రశ్న వెనక ఉన్న కథ. మీరావలి మేస్త్రి ఆ ప్రశ్న విని, ఎప్పటిలాగే తల ఎత్తకుండా, బల్ల మీదున్న ఒక అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్ తీసి ఏలీషా చేతికిచ్చాడు. పాయింట్లు సరిచేయించుకు రమ్మని ఆచారిగారింటికి పంపాడు. షెడ్డులో అది చేయగలవాళ్లు ముగ్గురున్నారు. ఏలీషా అదేమిటని అడగలేదు.

పాత గుంటూరులో ఆచారిగారి ఇంటికి వెళ్లేసరికి కోడలు గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆదివారం వచ్చిన దగ్గర్నుంచీ మామయ్య పనిముట్లు ముట్టుకోలేదని, అడిగితే ఎవరికైనా ఇచ్చేయమంటున్నాడని చెప్పింది. ఆచారిగారు మాత్రం వచ్చినవాణ్ని ఆదరంగా కూర్చోబెట్టి, డిస్ట్రిబ్యూటర్ ఒళ్లో పెట్టుకున్నాడు. గోరు దగ్గరికి తెచ్చి ఆపేశాడు. పెట్టె వెతికి, సందు కొలిచే ఫీలర్ గేజి తీశాడు. ఒకసారి కొలిచాడు. స్క్రూ బిగించి మళ్లీ కొలిచాడు. మూడోసారి కూడా కొలిచి, ఏలీషా ముందుకు జరిపాడు.

"నువ్వొకసారి చూడు నాయనా. నాకు సరిగ్గా ఉన్నట్టే ఉంది. నాకు ఉన్నట్టుంటే ఏం లాభం?"

ఏలీషా చూశాడు. సందు సరిగ్గా ఉంది. తను పెట్టినా అంత చక్కగా ఉండేది కాదు. ఆ మాటే చెప్పాడు. ఆచారిగారు తల ఊపాడు గాని, ముసలివాణ్ని బుజ్జగించే మాటలు చాలా విన్న తల ఊపు అది. ఏలీషాకు ఇక ఆయనతో సమానంగా కూర్చోవడం చేతకాలేదు. నేల మీదికి దిగి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆచారిగారూ, ఆ మూడో దారిలో గ్రైండరు పెట్టింది నేను. మీరు కాదు. అందరి ముందూ అబద్ధం చెప్పాను."

చెప్పేశాక గుండె తేలికవుతుందని అతని ఆశ. చేసిన పాపం చెబితే పోతుందని చిన్నప్పటి నుంచీ విన్న మాట. తిడతాడు, కొట్టినా కొడతాడు, ఆ తర్వాత ఆచారిగారు మళ్లీ తన గోటిని నమ్ముతాడు. అతనికి కావలసింది అదే. ఆచారిగారి ముఖం మెల్లగా మెత్తబడింది. మీరావలి పంపించాడా అని అడిగాడు. డిస్ట్రిబ్యూటర్ కోసమే పంపాడని, ఈ మాట తనంతట తానే చెబుతున్నానని ఏలీషా అన్నాడు. ఏ రాయి వాడాడో, ఎన్ని నిమిషాలు పట్టిందో, గడ్డ ఎలా ఉండేదో అన్నీ చెప్పాడు. చివరికి పిల్లల మీద ఒట్టు వేశాడు.

అప్పుడు మాత్రం ఆచారిగారు కసిరాడు. "తప్పు. నా కోసం పసిపిల్లల మీద ఒట్లేంటి? ముసలోడు కుమిలిపోతన్నాడని నా తప్పు నీ నెత్తిన వేసుకుంటన్నావు. నీ వయసులో మా గురువు కోసం నేనూ ఇట్టాగే ఒకటి నెత్తిన వేసుకున్నాలే. అంతమందిలో అబద్ధమాడే మనిషివి కాదు నువ్వు, ముఖం చూస్తే తెలవదా?"

ఏలీషా ఎన్ని విధాల చెప్పినా ఆచారిగారి నమ్మకం అక్కడినుంచి కదల్లేదు. ఎక్కువ చెప్పిన కొద్దీ ఆయన కళ్లలో అతని మంచితనం పెరుగుతూ పోయింది. వెళ్లేటప్పుడు ఆచారిగారు ఫీలర్ గేజిని దాని తోలు సంచిలో పెట్టి, వద్దంటున్నా అతని చొక్కా జేబులో దోపాడు. ఇందుమతి గారి నాన్న ఆ కారుతో పాటే తెప్పించి ఇచ్చిన గేజి అట. ఇంతకాలం తనకు దాని అవసరం రాలేదని, ఇక మీదట దానితో చేసే పనీ ఉండదని, మనసున్న పనివాడి దగ్గర ఉంటే బాగుంటుందని చెప్పి పంపాడు. తిరిగి వస్తూ దారి పొడుగునా ఏలీషా ఆ జేబును తాకలేకపోయాడు. తిట్లు తినడానికి వెళ్లి దీవెన మోసుకొస్తున్న మనిషికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

షెడ్డుకు వచ్చి, డిస్ట్రిబ్యూటర్నూ గేజినీ మేస్త్రి ముందు పక్కపక్కనే పెట్టాడు. మూడో దారి సంగతి మొదలు ఆచారిగారి ఆశీర్వాదం దాకా అన్నీ చెప్పాడు. ఈసారి మీరావలి మేస్త్రి చేతిలో పని ఆపేశాడు. గేజిని ముట్టుకోలేదు. ఏలీషా ముఖంలోకి చూద్దామని తల ఎత్తి, చూడలేక మళ్లీ దించుకున్నాడు. తర్వాత లేచి, నూనె చేతులు కడుక్కుని, కొక్కేనికి ఉన్న చొక్కా తొడుక్కున్నాడు.

"ఆ మెరుపు బిగించేటప్పుడే చూశాను, ఏలీషా. ఏడు నెలల పని గదా, అంత లోపలికి ఎవరు చూస్తార్లే అనుకున్నా," అన్నాడు. "పద, ముందు ఇందుమతమ్మ దగ్గరికి పోదాం. ఇక మనిద్దరం చెబితే జాలిపడి చెబుతున్నామనుకుంటాడు, నమ్మడు. ఆమె చెబితే నమ్ముతాడేమో."