రాణి వేషం కట్టిన దయ్యం

అనగా అనగా అనగా... గుమ్మడూరనే ఊళ్ళో ఒక ఆడదయ్యం ఉండేది. పేరు చింపిరమ్మ. ఇదిగో, అలా మీద పడకండర్రా, ఉక్కగా ఉంది. మంచి దయ్యమేలే. ఒకళ్ళ జోలికి పోదు, ఒకళ్ళని పీడించదు. అయినా ఏం లాభం? పలకరిద్దామని పోతే నీళ్ళకొచ్చినామె బిందె పారేసి పరుగు. బిందె చప్పుడికి గేదె పరుగు. గేదె వెనకాల పాలేరు పరుగు. పాపం, చింపిరమ్మకి ఒకటే కోరిక. జనం పారిపోకుండా కాసేపు తన ఎదురుగా కూర్చోవాలని. ఊ కొడుతున్నారా? ఆఁ, గట్టిగా.

ఒకసారి ఆ ఊరికి భాగవతుల మేళం వచ్చింది. మేళం పెద్ద వీరాస్వామి. ఆయన కోడలు నాంచారు అందరికీ మొహాలకి రంగులు పూసేది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే, అచ్చం మీ అమ్మే. ఆవిడ మరిది బుచ్చన్న ముందు రాక్షసి వేషం కట్టి, ఆ రంగు తుడుచుకుని, తర్వాత రాణి వేషం కట్టాలి. అప్పట్లో ఆడవేషాలూ మగాళ్ళవే మరి. ఆ పెద్దమనిషేం చేశాడూ, రాక్షసి పని అవగానే ఎవరో పెట్టిన బూరెలు గంపెడు తిని, గడ్డివామి చాటున గుర్రుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మన చింపిరమ్మ, రంగులెలా ఉంటాయో చూద్దామని వేషాలు కట్టే పాక తడికల సందులోంచి తొంగిచూసింది. విరబోసుకున్న జుట్టూ, మిటకరించే కళ్ళూ! నాంచారు మరిదే అనుకుంది. ఇంతసేపూ ఎక్కడికి పోయావయ్యా అంటూ రెక్క పట్టుకుని లాగి పీట మీద కూలేసింది. మొహాన కొబ్బరినూనె కొట్టి రుద్దింది, రంగు పోలేదు. గుడ్డ పెట్టి రుద్దింది, పోలేదు. పీచు పెట్టి రుద్దింది, ఊహూఁ.

"ఏం మసి పూసుకున్నావయ్యా! కుండ అడుగు నాకావా ఏం?" అని తిట్టిపోసింది.

చచ్చినప్పటినుంచీ చింపిరమ్మ బుగ్గ మీద చెయ్యి వేసినవాళ్ళు లేరమ్మా! కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే అలాగే కూర్చుంది.

ఇక వేళ మించిపోతోందని నాంచారు ఆ మొహం మీదే అర్దళం, అదే పసుపుపచ్చ రంగు, దట్టించింది. కాటుక దిద్దింది, జడ అల్లింది, పట్టుచీర చుట్టింది. గజ్జెలు కడదామని వంగిందా... పాదాలు వెనక్కి తిరిగున్నాయి! దయ్యాలకే కదర్రా అలా ఉండేది. నాంచారు కేక పెట్టబోయింది. చింపిరమ్మ రెండు చేతులూ జోడించి, ఒక్కసారి జనం ముందు నిలబడనివ్వమ్మా అని బతిమాలింది.

అవతల మామగారు రాణి ఏదీ, రాణి ఏదీ అని కేకలు. నాంచారు ఆలోచించింది. ఇంతసేపూ తిట్టాను, రుద్దాను, జడేశాను, నన్నేం చేసింది? ఇప్పుడు కొత్తగా భయపడేదేముంది? అనుకుని, గజ్జెలు కట్టి, కుచ్చిళ్ళు నేలకి జీరాడేలా దించి, తెర ముందుకు తోసింది.

ఆటలో రాణి బిడ్డని పోగొట్టుకుంటుందని నాంచారు చెవిలో చెప్పే పంపింది. చింపిరమ్మకి పాటలు రావు, పద్యాలు రావు. ఎవరూ దగ్గరికి రానిది ఎలా ఏడుస్తుందో అది మాత్రం వచ్చు. చెట్టునడిగింది, పుట్టనడిగింది, చెట్టు మీది పిట్టనడిగింది, నా బిడ్డని చూశారా అని. ఆడవాళ్ళ కొంగులు తడిసిపోయాయి. మగాళ్ళు తలపాగాలతో ముక్కులు తుడుచుకున్నారు.

ఇంతలో బుచ్చన్నకి మెలకువొచ్చింది. నా వేషం ఎవడు కట్టాడంటూ రాక్షసి మొహంతోనే ఊగిపోతూ వచ్చి, కుచ్చిళ్ళు పట్టి లాగాడు. పాదాలు బయటపడ్డాయి. దయ్యం, దయ్యం అంటూ జనం చాపలు చంకన పెట్టుకుని లేచారు. చింపిరమ్మ మళ్ళీ పరుగే అనుకుని కొంగు మొహాన కప్పుకుంది.

ముందు వరసలో మునసబు తల్లి పేరిందేవమ్మ ఒక్కతే లేవలేదు. నాలాగే మోకాళ్ళ నొప్పులనుకుంటా. చేతికర్ర నేలకేసి కొట్టింది.

"దయ్యమైతే అయింది! బిడ్డ దొరికాడా లేదా? అది తేలకుండా నేను లేవను. కూర్చోండర్రా!"

నిజమే కదా అనుకున్నారు జనం. బిడ్డ సంగతి తేలకపోతే రేపు పనిలో చెయ్యాడుతుందా? ఒకడు కూర్చున్నాడు, వాడి పక్కన పెళ్ళాం, ఆవిడ పక్కన అత్తగారు, చివరికి ఊరు ఊరంతా కూర్చుంది. చింపిరమ్మ కొంగు తీసి చూసింది. ఏడవలేక నవ్వింది, నవ్వలేక ఏడ్చింది. గుడ్డపీలికల బిడ్డని వెతికి పట్టుకుని గుండెకి హత్తుకుంది. ఊరంతా చప్పట్లే చప్పట్లు!

అప్పటినుంచీ రాణి వేషం దయ్యానిది, రాక్షసి వేషం బుచ్చన్నది. ఆట అయ్యాక నాంచారు ఇద్దరికీ నూనె రాసి రంగు తుడిచేది. పిల్లలు బుచ్చన్నని చూస్తే హడలిపోయి చింపిరమ్మ వెనకాల దాక్కునేవాళ్ళు.

అందుకే, ఎవరి మొహమైనా చూసి పరిగెత్తేముందు కాస్త కూర్చుని వాళ్ళ గోడు వినండి నాయనా. సరే, కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.